ఆరుమూలల ధనుంజయ

భూమి గుండ్రంగా ఉంటుందని బడిలో చెబుతారు. ఆత్మకూరు బజారులో కిరాణా హోల్‌సేల్ అంగడి నడిపిన ధనుంజయ ఆ మాట ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. ఆయన లెక్కలో భూమి ఆరుమూలల గడులుగా ఉంటుంది, తేనెపట్టు పరిచినట్టు. ఒక గడి దాటితే ఇంకో గడి. మనిషి ఒక గడిలో పుడతాడు, ఇంకో గడిలో పోతాడు, మధ్యలో చేసేదల్లా గడులు దాటడమే.

"ఆస్పత్రికి ఎట్టా పోవాలన్నా?" అని పరాయి ఊరి మనిషి ఎవరైనా అంగడి ముందు ఆగితే, ధనుంజయ కళ్లద్దాలు పైకి తోసుకుని, "నేరుగా గడిన్నర పొయ్యి, ఈశాన్యం మూలకి తిరుక్కో" అనేవాడు. ఆ మనిషి దణ్ణం పెట్టి, పక్క అంగడికి పోయి మళ్లీ అడుక్కునేవాడు.

ఒక్కగానొక్క కూతురు శిల్ప పుట్టినరోజుకు కేకు తెస్తే దాన్ని కూడా గడులుగానే కోశాడు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. అంచుల వెంబడి మిగిలిన తునకలు ఏ గడికీ చెందవు కాబట్టి వాటిని తనే తిన్నాడు. "సగం కేకు ఈయన పొట్టలోకే పొయ్యింది, దీన్ని ఏం లెక్కంటారో" అని భార్య పెంచలమ్మ చుట్టాల ముందు నెత్తి కొట్టుకుంది.

ఈ సంగతులన్నీ శాంతికుమార్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరైన శాంతికుమార్‌కు ధనుంజయతో స్నేహం ఎనిమిదో తరగతి బెంచీ నాటిది. ధనుంజయ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే, ఆయన కళ్లు గేటు దగ్గర నల్లగొడుగు కోసం వెతుకుతూనే ఉంటాయి.

శాంతికుమార్ గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆయన కుడికాలు సన్నబడింది. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తకూడదు. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే, ఆ సీటు ఖాళీగా ఉన్నా సరే ఊరు వచ్చేదాకా నిలబడే వచ్చేవాడు. చేతికర్ర కొనిచ్చిన బావమరిదితో రెండేళ్లు మాట్లాడలేదు. ధనుంజయ దగ్గర మాత్రం ఆయన ప్రాణానికి హాయి. నలభై ఏళ్లకు పైబడిన స్నేహంలో ధనుంజయ ఆ కాలు గురించి ఒక్క మాట అనలేదు, ఒక్కసారి దానివైపు చూడలేదు.

"వాడికి గడులు తప్ప ఏం కనపడవు. నాకుండేది రెండు కాళ్లో మూడో కూడా వాడికి తెలీదు" అని శాంతికుమార్ భార్య కామమ్మతో గర్వంగా చెప్పుకునేవాడు. కామమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఉండేది.

ఈ గడుల పిచ్చి పొట్లాల కాగితంలోంచి వచ్చింది. పదమూడు పద్నాలుగేళ్ల కిందట, పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత కాగితాల కట్టలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట మీద కొమ్ముల రాక్షసుడు, లోపల ఆరుమూలల గడులు గీసిన ఏదో దేశం పటం. ధనుంజయ అంగడి పనివాళ్లకు వదిలేసి శాంతికుమార్ ఇంటికి పరిగెత్తాడు.

"ఒరేయ్ శాంతీ, ఇదేందో చదివి చెప్పరా. జీలకర్ర కట్టబోయినాను. పటం చూసినాక చెయ్యి ఆడలా."

శాంతికుమార్ గంటసేపు చదివాడు. "ఇది ఒక ఆటరా. నలుగురు కూర్చుంటారు. ఒకడు పటం ముందర పెట్టుకుని దేశం సంగతి చెప్తా ఉంటాడు. మిగతావాళ్లు తలా ఒక వేషం వేసుకుంటారు. ఒకడు సిపాయి, ఒకడు దొంగ. నేను ఈ గడిలోకి పోతా అంటే, ఆడ ఏముందో పటం వాడు చెప్తాడు. తేలకపోతే పాచికలేస్తారు."

"వేషమంటే రంగు పూసుకోవాలా?"

"లేదురా. అంతా నోటితోనే."

"ఈ పటంలో దేశం ఏడుండాది?"

"ఏడా లేదు. కల్పించినారు."

ధనుంజయ కొంచెంసేపు రాక్షసుడి కొమ్ముల వైపు చూశాడు. "లేని దేశంలో తిరగాల్సిన ఖర్మ మనకేందిరా? మనకి ఉదయగిరి లేదా?"

అట్లా మొదలైంది. ఐదు వందల ఏళ్ల కిందట, కోట గజపతుల చేతిలో ఉన్న రోజుల్లో ఉదయగిరి సీమ ఎట్లా ఉండేదో దాన్ని గడి గడిగా గీయాలని ధనుంజయ పంతం పట్టాడు. అయితే ఆరుమూలలు ఆయనకు కుదరలేదు. వృత్తలేఖిని కొన్నాడు, కొలబద్ద కొన్నాడు, డజను అట్టలు పాడు చేశాడు. ఒక మూల కలిస్తే ఇంకో మూల విడిపోయేది. చివరకు పెంచలమ్మ పిండి చేతులు తుడుచుకుని వచ్చి, "ఇదా? సందుచుక్కలు పెట్టి కలిపితే అయిపొయ్యే దానికి ఇంత రచ్చా?" అని పెన్సిలు లాక్కుని, వాకిట్లో ముగ్గు పెట్టినట్టే వరసకు వరస ఎడంగా చుక్కలు పెట్టి, వాటిని చుట్టి కలిపేసింది. అట్ట నిండా తేనెపట్టు లేచింది. అప్పటి నుంచి పటానికి గడులు ఆమే వేసిచ్చేది. బదులుగా ఆటలో ఎప్పుడూ దొంగ వేషం తనకే కావాలని అడిగేది.

గడుల్లో ఏం రాయాలన్నదానికి ధనుంజయ పెట్టుకున్న నియమం ఒకటే. కాలితో తొక్కని గడిలో ఒక్క గీత కూడా గీయడు.

దాంతో ప్రతి ఆదివారం నడక. ఆరాధన అయ్యేసరికి ధనుంజయ చర్చి గేటు దగ్గర గొడుగు, గుడ్డసంచి పట్టుకుని నిలబడి ఉండేవాడు. లోపలి నుంచి వచ్చే పాట అయిపోయేదాకా కదిలేవాడు కాదు. పాస్టరు వరప్రసాదం గారు ఆ శెట్టిగారి మనసు మారుతోందని ఆశపడి మూడేళ్లు ప్రార్థన చేశాడు. చివరకు ఒకరోజు దగ్గరికి పోయి, "లోపలికి రండి అన్నా, బయటే నిలబడిపోతున్నారు" అన్నాడు.

"వస్తాను సార్. ముందు ఈ మెట్లు ఎన్నో చెప్పండి, ఈ గడిలో రాసుకోవాల" అన్నాడు ధనుంజయ.

ఇద్దరూ ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కి, పోయిన ఆదివారం ఎక్కడ ఆపారో అక్కడ దిగి, అక్కడి నుంచి మళ్లీ నడిచేవాళ్లు. కండక్టరు సురేంద్రబాబు కూడా ఆటలో ఒకడే కాబట్టి కథ నడిచేది. లేకపోతే రోడ్డు మధ్యలో, కందిచేను పక్కన, "ఆ గట్టు కాడ ఆపు, గడి ఆడ మొదలవతాది" అంటే ఎవరు ఆపుతారు?

"ఈడ స్టాపుండాదా?" అని ప్రయాణికులు కేకలేసేవాళ్లు.

"మీకు కనపడదులే పెద్దాయనా, ఐదొందల ఏళ్ల నాటి స్టాపు" అని సురేంద్రబాబు రైట్ కొట్టేవాడు.

పటం పాతకాలానిది కాబట్టి దాంట్లో ఇప్పటివేవీ ఉండకూడదు. అందుకని సెల్ టవరు కనపడితే ధనుంజయ "కావలి బురుజు" అని రాసుకునేవాడు. పెట్రోలు బంకు నూనెగానుగ అయ్యేది. బస్ షెల్టరులో సిమెంటు బెంచీ సత్రం అరుగు. మర్రిపాడు దారిలో గోవిందయ్య టీ కొట్టును "పూటకూళ్లమ్మ ఇల్లు" అని రాశాడు. ఆ ముక్క గోవిందయ్య చెవిన పడింది. "ఎవురన్నా ఆ పూటకూళ్లమ్మ? మా ఆడోళ్లు పొద్దున్నించి అడగతా ఉండారు" అని లబలబలాడాడు. "ఆమె పొయ్యి ఐదొందల ఏళ్లయింది, ధైర్యంగా ఉండమను" అని ధనుంజయ ఓదార్చాడు.

ఒకసారి శాంతికుమార్ అలిగాడు. "మా చర్చి ఏదిరా పటంలో?"

"పదిహేనువందల పదిలో మీ చర్చి ఏడుంటాదిరా?"

"అంటే ఆ గడిలో ఏం లేదా?"

ధనుంజయ గడుల వివరాలు రాసుకునే నోటుపుస్తకం తీసి చూపించాడు. ఆ గడికి ఇలా రాసి ఉంది: "దూరం నుంచి మంచి పాట వినబడే చోటు. మూడు మెట్లు. ఇద్దరికి చోటు."

ఆ చివరి మాటే అందరికీ నవ్వులాటయింది. ప్రతి గడికీ పుస్తకంలో ఒక వివరం ఉండేది. ప్రతి వివరం చివరా ఆ మాటే ఉండేది. "ఏఎస్ పేట, దర్గా వీధి, వేపచెట్టు కింద అరుగు. ఇద్దరికి చోటు." "కలువాయి దారి, కూలిన మోట బావి, ఒరలు గట్టివే. ఇద్దరికి చోటు." నాలుగు వందల పదకొండు గడులు, నాలుగు వందల పదకొండు కూర్చునే చోట్లు.

"ఏందన్నా ఇది? మేము కోటని ముట్టడి చెయ్యాలా, కూర్చుని పల్లీలు తినాలా?" అని సురేంద్రబాబు మొత్తుకునేవాడు.

"నిలబడి ముట్టడి చేసేదానికి నువ్వేమన్నా ఏనుగువా? సైన్యానికి కూడా నడుములుంటాయిరా."

ఇంక నడకలో ఆయన పెట్టే హింస శాంతికుమార్ మాటల్లోనే వినాలి. హాయిగా మాట్లాడుకుంటూ పోతుంటే ఉన్నట్టుండి ధనుంజయ చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఆగు. గడి అయిపొయ్యింది." అక్కడ కూలబడి పుస్తకం తీసేవాడు. పెన్సిలు తీసేవాడు. దాని ముల్లు విరిగి ఉండేది. ఎప్పుడు చూసినా విరిగే ఉండేది. బ్లేడు తీసి, పసిపిల్లకు గోళ్లు తీస్తున్నట్టు, పావుగంట చెక్కేవాడు. శాంతికుమార్‌కు ఒళ్లు మండిపోయేది. విధిలేక పక్కన కూర్చునేవాడు.

ఉదయగిరి కొండ ఎక్కిన రోజు మరీ ఘోరం. కొండ మీది పాత మసీదు దాకా పోవాలని పొద్దున్నే బయల్దేరారు. నలభై మెట్లు ఎక్కారో లేదో, "ఆగు."

"ఏందిరా ఆగేది? ఇప్పుడే కదరా కింద చింతచెట్టు కాడ కూర్చునింది!"

"అది వేరే గడి. ఇది వేరే గడి."

"కొండ ఏడన్నా పారిపోతాదా ఇన్నిసార్లు రాసుకునేదానికి? నన్ను పోనియ్యరా పైకి!"

"ఎత్తు ఉండాది కదరా. ఎత్తులో గడులు దగ్గర దగ్గరగా వస్తాయి. నీకు తెలీదు, కూర్చో."

కొండ దిగి బస్టాండుకు వచ్చేసరికి పొద్దు వాలింది. కింద చెక్క స్పూన్లు అమ్మే ఆదిశేషమ్మవ్వ, "పొద్దున పోయినోళ్లు ఇప్పుడా నాయనా రావడం? మేకలు కూడా రెండు తూర్లు ఎక్కి దిగినాయి" అంది. ఆమెకు చూపు ఆనదు, అడుగుల చప్పుడును బట్టి మనుషుల్ని గుర్తుపట్టేది. "ఈయన వల్లే అవ్వా" అన్నాడు శాంతికుమార్ ధనుంజయను చూపించి. "నన్నొక్కణ్ణే పంపించి ఉంటే మధ్యాన్నం కూటికి ఇంట్లో ఉందును." ధనుంజయ తల వంచుకుని, స్పూన్లకు ఆరుమూలలు ఎందుకు చెక్కరని అవ్వను అడుగుతున్నాడు.

పటంలో ఆ కొండ పద్నాలుగు గడులు పట్టింది. ఆత్మకూరు ఊరు మొత్తం మూడే గడులు. "ఆత్మకూరు కంటే కొండ నాలుగింతలు పెద్దదా అన్నా? నేను రోజూ ఆ కొండ ముందర బస్సు తిప్పతా, నాకెప్పుడూ కనపడలేదే" అని సురేంద్రబాబు ఏళ్ల తరబడి ఏడిపించాడు. ధనుంజయ చలించలేదు. "కొలిచింది నేను. నడిచింది మేము."

సాయంత్రాలు అంగడి మిద్దె మీద మిరపకాయల బస్తాల మధ్య ఆట సాగేది. పాచికలకు బదులు గవ్వలు. సురేంద్రబాబు మావటి. పెంచలమ్మ దొంగ. శాంతికుమార్ అంచెబంటు, అంటే రాజుగారి జాబు పట్టుకుని ఊరి నుంచి ఊరికి పరిగెత్తేవాడు.

"అచ్చూ! నా ఏనుగు ఎన్ని గడులు పోవచ్చు?" అని సురేంద్రబాబు మిరప ఘాటుకు తుమ్ముతూ అడిగేవాడు.

"ఒకటి."

"దొంగ?"

"రెండు. ఎనక కుక్కలు పడితే మూడు" అనేది పెంచలమ్మ తనే.

"అంచెబంటు?"

"ఆరు" అనేవాడు ధనుంజయ. "అంచెబంటుని పట్టుకునేవాడు ఈ సీమలో లేడు."

శాంతికుమార్ గవ్వలు విసిరి, దుత్తలూరు మిట్టల మీదుగా, ఏటి ఇసుకలో, చిల్లచెట్ల సందుల్లోంచి ఆరు గడులు దూసుకుపోయేవాడు. జాబు అందించి వచ్చి, చమట పట్టినట్టు కండువాతో మొహం తుడుచుకునేవాడు. తుమ్ములు ఆగేదాకా ఆట, ఆట ఆగేదాకా తుమ్ములు. ఆ ఘాటు తలుచుకుంటే శాంతికుమార్‌కు ఇప్పటికీ ముక్కు అదురుతుంది.

నిరుడు కార్తీకమాసంలో ధనుంజయ నిద్రలోనే పోయాడు. పాడె వెంట శాంతికుమార్ నడిచాడు. సగం దారిలో దింపుడుకళ్లం దగ్గర ఆనవాయితీ ప్రకారం పాడె కింద పెట్టి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. అందరూ ఏడుస్తుంటే సురేంద్రబాబు శాంతికుమార్ భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, గడి అయిపొయ్యిందంట" అన్నాడు. ఏడుపులో నవ్వు వచ్చి శాంతికుమార్‌కు పొలమారింది. పక్కన కల్వర్టు గట్టు కనపడితే కూర్చుండిపోయాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల శిల్ప ఫోను చేసింది. నెల్లూరులో కంప్యూటర్ల కాలేజీలో పాఠాలు చెబుతుంది. నాన్న గీసిన అట్టలన్నీ కలిపి ఫోటోలు తీసి, ఇలాంటి ఆటలు అచ్చువేసే బెంగళూరు వాళ్లకు పంపించిందట. వాళ్లు ఎగిరి గంతేశారట.

"పెట్టెలో పెట్టి అమ్ముతారంట అంకుల్. పటం మీద నాన్న పేరు పెద్దచ్చరాలతో వేస్తామన్నారు. కానీ ఒక చిక్కుండాది."

"ఏందమ్మా?"

"స్కేలు తప్పు. పటమన్నాక గడులన్నీ ఒకే దూరం ఉండాల కదా. ఉపగ్రహం పటం మీద పెట్టి చూసినాము. నాన్నవి ఒక్కోటి ఒక్కో దూరం. సరిచెయ్యకపోతే వెయ్యమన్నారు. నెలాఖరు దాకా గడువిచ్చినారు. నాన్నతో నడిచింది మీరే కదా, మీరు తప్ప ఎవరూ సరిచెయ్యలేరు."

శాంతికుమార్‌కు తల తిరిగింది. తప్పా? జీలకర్ర గింజ తేడా వచ్చినా మళ్లీ తూకం వేసే ధనుంజయ తప్పు కొలిచాడా? సరిచెయ్యడమంటే సగం గడులు చెరిపెయ్యాలి. చెయ్యకపోతే వాడి పన్నెండేళ్ల కష్టం బీరువాలో చెదలకు పోతుంది.

పెంచలమ్మ గుడ్డసంచి తెచ్చి ఇచ్చింది. శిల్ప ఏ ఏడు గీసిన గడులు ఎంత దూరం ఉన్నాయో కాగితం మీద రాసి పంపింది. 2012లో గడి తొమ్మిది వందల మీటర్లు. 2016లో ఏడు వందలు. 2019లో మూడు వందల యాభై. 2022లో మళ్లీ ఐదు వందలు. ఉదయగిరి కొండ మీద సరిగ్గా రెండు వందలు.

"చూసినావా కామమ్మా, ఏడాదికేడాది గడి కుంచించుకుపొయ్యింది! వాడు కొలత మర్చిపొయ్యి ఇష్టమొచ్చినట్టు గీసినాడు. ఇన్నేళ్లు నన్ను ఊరికే ఆపి ఆపి చంపినాడు."

కామమ్మ కాగితం తీసుకుని కళ్లకు దూరంగా పెట్టి చదివింది. "2019లో ఏం జరిగిందో గుర్తుండాదా?"

"ఏం జరిగింది?"

"నీ మోకాలు బూరెలాగ వాచింది. ఏడాదంతా ఇంట్లో నొప్పుల తైలం వాసన. పిల్లులు కూడా మన గుమ్మం తొక్కలా."

"అయితే?"

"ఆ ఏడే గడి మూడొందల యాభైకి వచ్చింది. తర్వాత నెల్లూరులో కాలికి వ్యాయామం చేయించుకున్నావు, కొంచెం తేరుకున్నావు. గడి కూడా తేరుకునింది."

శాంతికుమార్ ఆమె వంక వెర్రిగా చూశాడు. "నోరు ముయ్యి. వాడికి నా కాలు సంగతే తెలీదు."

"అవునా!" అంది కామమ్మ. "మా అమ్మకి తెలుసు. బస్సులోవాళ్లకి తెలుసు. కన్ను కనపడని ఆదిశేషమ్మవ్వకి తెలుసు, నీ అడుగు చప్పుడు విని. పక్కన నలభై ఏళ్లు నడిచినోడికి మాత్రం తెలీదు."

శాంతికుమార్ కోపంగా సంచి బోర్లించాడు. పుస్తకం పడింది. అరిగిన పెన్సిలు, బ్లేడు పడ్డాయి. వాటి వెనకే రెండు మంచి బాల్‌పెన్నులు, డబ్బాలోంచి కూడా తియ్యని కొత్త షార్ప్‌నరు పడ్డాయి. ఆయన షార్ప్‌నరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఉండి కూడా..." అన్నాడు.

"దాంతో అయితే అర నిమిషంలో అయిపోతాది" అంది కామమ్మ.

శాంతికుమార్ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. భార్య మాట తప్పని నిరూపించడానికి మరుసటి ఆదివారం ఆరాధన కాగానే ఆ గుడ్డసంచి తగిలించుకుని బస్సెక్కాడు. దుత్తలూరు దారిలో, చివరి గడి మొదలయ్యే చోట దిగాడు. ఎక్కడా ఆగకుండా గడి దాటి నడుస్తాను, పైన ఇంకో గడి కూడా నడుస్తాను, అప్పుడేమంటుందో చూస్తాను అనుకున్నాడు. ఎండ బాగానే ఉంది. కాలు కూడా బాగానే ఉంది. తాటిచెట్లు దాటాడు. మోకాలి పక్కన ఒక నరం మెల్లగా లాగింది. పట్టించుకోలేదు. కందిచేను గట్టు ఎక్కాడు. నరం ఈసారి గట్టిగా లాగింది. పళ్లు బిగించి తలెత్తాడు.

ఎదురుగా నల్లబండ. పైన నున్నగా, పక్కన నీడ. పుస్తకంలో నాలుగు వందల పదకొండో గడి: "నల్లబండ. ఇద్దరికి చోటు."

శాంతికుమార్ దాన్ని పట్టించుకోనట్టు దాటేశాడు. పదకొండు అడుగులు వేశాడు. పన్నెండో అడుగుకు కాలు ససేమిరా అంది. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు, కందిచేనులో కొంగ తప్ప. తిరిగి పదకొండు అడుగులు వచ్చి, బండ మీద ఎడమవైపు కూర్చున్నాడు. కుడివైపు ఎప్పుడూ ధనుంజయది.

"దొంగనాకొడుకు" అన్నాడు కొంగతో.

సంచిలోంచి పెన్సిలు తీశాడు. ముల్లు విరిగి ఉంది. బ్లేడుతో మెల్లగా చెక్కడం మొదలుపెట్టాడు.

తిరుగు బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. సురేంద్రబాబు ఫుట్‌బోర్డు మీద నుంచి కేకేశాడు. "ఏమన్నా, గడి అయిపొయ్యిందా?"

"అయిపొయ్యింది. రెండు నిమిషాలు ఆపరా, పెన్సిలు చెక్కుకుంటా ఉండా!"

"ఈడ స్టాపుండాదా?" అని బస్సులో ఎవరో అరిచారు.

"ఉండాది" అన్నాడు శాంతికుమార్.

బస్సెక్కాక ఒక కుర్రవాడు లేచి సీటిచ్చాడు. సురేంద్రబాబు ఊపిరి బిగబట్టాడు. శాంతికుమార్ "థాంక్స్ నాయనా" అని కూర్చుని, శిల్పకు ఫోను చేశాడు.

"అమ్మా, మీ నాయన కొలత కరెక్టే. ఒక్క గడి కూడా చెరపొద్దు. స్కేలు కూడా అన్నింటికీ ఒకటే."

"ఒకటేనా? మరి పటం కింద ఏమని రాయమంటారు అంకుల్?"

శాంతికుమార్ గొంతు సవరించుకున్నాడు. "రాసుకో. ఒక గడి అంటే, ఒక కుంటోడూ ఒక పిచ్చోడూ కబుర్లు చెప్పుకుంటా ఎక్కడా కూర్చోకుండా నడిచే దూరం."

ఆయన నోట ‘కుంటోడు’ అన్న మాట రావడం సురేంద్రబాబు జన్మలో వినలేదు. రైట్ కొట్టడం మర్చిపోయాడు. అవతల శిల్ప ముక్కు చీదిన చప్పుడు, దాని వెనకే నవ్వు వినిపించాయి. "పంపిస్తా అంకుల్. ఒప్పుకుంటారో లేదో."

ఒప్పుకున్నారు. ఇట్లాంటి స్కేలు ఏ దేశపు పటం మీదా చూడలేదని, అట్టపెట్టె మీద కూడా అదే మాట వేస్తామని రాశారట. మూడో రోజు శిల్ప మళ్లీ ఫోను చేసింది.

"అంతా బాగుండాదంట అంకుల్. ఒక్కటే అడగతా ఉండారు. ఆడేవాళ్లకి తెలియాల కదా, ఆ దూరం మీటర్లలో ఎంతని రాయాలని."

శాంతికుమార్ కిటికీలోంచి బయటికి చూశాడు. కామమ్మ వాకిట్లో గొడుగు ఆరబెడుతోంది.

"ఎండని బట్టి ఉంటాదమ్మా" అన్నాడు.